నాగా

వసంత పంచమి నాడు బాసర స్టేషన్‌లో రైలు దిగి చూడండి. సికింద్రాబాద్ వైపు నుంచి, నాందేడ్ వైపు నుంచి వచ్చే బండ్లన్నీ పిల్లల తల్లులతో నిండి ఉంటాయి. చంకలో బిడ్డ, చేతిలో కొత్త పలక. గోదావరి ఒడ్డున సరస్వతి గుడిలో బిడ్డ చేత మొదటి అక్షరం దిద్దించడానికి వస్తారు. టీచరమ్మలు, బ్యాంకు ఉద్యోగులు, ఈమధ్య సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు. ఎవరిని పలకరించినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "లీవు పెట్టి వచ్చాం."

మా ఇళ్ళలో అక్షరాభ్యాసం ఉండదు, బిస్మిల్లా ఉంటుంది. బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండిననాడు కొత్తబట్టలు తొడిగి, మెడలో పూలదండ వేసి, మౌల్వీ సాబ్ ముందు కూర్చోబెట్టి అల్లా పేరుతో మొదటి పాఠం చెప్పిస్తారు. నా బిస్మిల్లా నాకు గుర్తు లేదు. అమ్మీకి గుర్తుంది. అయితే ఆమె చెప్పేది నా కొత్త షేర్వానీ గురించో పంచిన మిఠాయి గురించో కాదు. ఆ పూట చుట్టకుండా మిగిలిపోయిన ఆకు గురించి. తడిపి పెట్టిన తునికాకు ఎండిపోతే పగులుతుంది, ఎక్కువసేపు తడిస్తే నల్లబడుతుంది. "నీ బిస్మిల్లా రోజు సగం నాగా అయింది" అని ఇప్పటికీ అంటుంది.

కోస్తా పాఠకులకు ఈ మాట కొత్త కావచ్చు. నాగా అంటే పనికి పోని రోజు, కూలి రాని రోజు. సెలవు వేరు, నాగా వేరు. సెలవు అడిగి తీసుకునేది, నాగా నెత్తిమీద పడేది. సెలవు పెట్టినవాడికి జీతం వస్తుంది, నాగా పెట్టినవాడు మరునాడు తిట్లు కూడా తింటాడు. మా వాడలో బీడీలు చుట్టే ఒక పద్మశాలి అక్కను ఒకసారి అడిగాను, కాన్పుకు చట్టప్రకారం సెలవుంటుందని తెలుసా అని. ఆమె చాటలోంచి తల ఎత్తకుండానే అంది: "సెలవంటె సర్కారు నౌకరోల్లకు తమ్మీ. మాకు నాగనే."

ఈ వ్యాసం ఆ ఒక్క మాట గురించి. ముస్లిం స్త్రీ గురించి, తల్లి గురించి, ఇల్లు గురించి మనం ముప్పై ఏళ్ళకు పైగా తెలుగులో రాస్తూ వచ్చిన సాహిత్యంలో ఆ మాటకు చోటెందుకు దొరకలేదన్నది నా ప్రశ్న.

ముందు స్త్రీవాదం. ప్రసవాన్ని తెలుగు కవిత్వంలోకి తెచ్చిన ఘనత వాళ్ళదే, అందులో అనుమానం లేదు. కొండేపూడి నిర్మల 'లేబర్ రూం' రాసేదాకా పురిటినొప్పి మన కవులకు ఒక ఉపమానం మాత్రమే. కొత్త సమాజం పుట్టినా పురిటినొప్పే, విప్లవం వచ్చినా పురిటినొప్పే. 1993లో 'నీలిమేఘాలు' వచ్చేసరికి గర్భం, గర్భస్రావం, వంటిల్లు, పడకగది అన్నీ రాజకీయ విషయాలేనని ఒప్పుకోక తప్పలేదు. కానీ ఆ కవిత్వంలో ఇల్లు అంటే ఏమిటి? ఉద్యోగం చేసి అలసి తిరిగొచ్చే చోటు, లేదా ఉద్యోగానికి పోనివ్వని చోటు. గడపకు ఒక వైపు ఇల్లు, రెండో వైపు పని. స్త్రీవాదం పోరాడింది ఆ గడప దాటడానికి. అది న్యాయమైన పోరాటమే. అయితే గడప దాటకుండానే రోజుకు తొమ్మిది పది గంటలు కంపెనీకి పనిచేసే ఆడమనిషి ఆ బొమ్మలో ఎక్కడుంటుంది? ఆమెకు ఇల్లే కార్ఖానా. ఆమె ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తొట్టెల, తొట్టెల తాడు కాలి బొటనవేలికి కట్టి ఉంటుంది. చేతులు కంపెనీవి, కాలు బిడ్డది.

తర్వాత మనం వచ్చాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' మనకు గొంతునిచ్చింది. 1998లో 'జల్‌జలా'తో ఆ గొంతు గుంపు గొంతయింది. మన ఆడవాళ్ళు మనల్నీ వదల్లేదు. షాజహానా తన పుస్తకానికి 'నఖాబ్' అనే పేరు పెట్టి 2005లో మన ముందుకు తెచ్చారు. బుర్ఖా, తలాక్, దేశద్రోహి ముద్ర, పాకిస్తాన్ క్రికెట్, కర్ఫ్యూ. వీటి గురించి రాయకుండా ఉండగలిగే పరిస్థితి మనకు లేదు. బాబ్రీ కూలిన తర్వాత పుట్టిన సాహిత్యం దెబ్బ తగిలిన చోటనే చెయ్యి పెట్టుకుంటుంది. అది సహజం. కానీ మరి ఇన్నేళ్ళ తర్వాత తిరగేసి చూస్తే ఒకటి కనిపిస్తుంది. మన కవిత్వంలో బుర్ఖాకు దొరికినంత చోటు చాటకు దొరకలేదు. అమ్మీ మీద పద్యం రాయని ముస్లిం కవి లేడు. నేనూ రాశాను. ఆమె చేతి తంబాకు వాసన గురించి రాసి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ చేతులకు వెయ్యి బీడీలకు ఎంత ఇస్తున్నారో, ఆమె లాగ్‌బుక్కులో ఎన్ని రోజులు రాశారో ఏ పద్యంలోనూ రాయలేదు. అది కవిత్వానికి పనికొచ్చే విషయమని అనిపించలేదు. వాసన అస్తిత్వం, లెక్క ట్రేడ్ యూనియన్ అనుకున్నాం.

యూనియన్ల సంగతీ చెప్పాలి. ఉత్తర తెలంగాణలో బీడీ కార్మికులను కూడగట్టింది ఎర్రజెండాలే. బీడీ కార్మికుల బతుకును నవలకెక్కించిన బి.ఎస్. రాములు 'బతుకుపోరు' కూడా ఆ పోరాటాల నేల నుంచి వచ్చిందే. కానీ సభల్లో వినిపించే డిమాండ్ వెయ్యి బీడీల రేటు, కరువు భత్యం. అవి కావలసినవే. ఆ డిమాండ్ల పట్టీలో కాన్పు ఎప్పుడూ అట్టడుగున ఉంటుంది, చర్చలకు కూర్చున్నప్పుడు మొదట వదిలేసుకునేది అదే అవుతుంది. సంఘం నాయకుడు మగవాడు, చుట్టేది ఆడవాళ్ళు. ఈ మాట అంటే ఐక్యతకు భంగమంటారు.

ఇప్పుడు చట్టాన్ని చదువుదాం. విమర్శకుడు పద్యాలనే కాదు, చట్టాలనూ వాచకాలుగా చదవాలి. అక్కడా ఉపమానాలున్నాయి, అక్కడా కొందరు కనిపించకుండా పోతారు.

1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చింది. కాన్పుకు ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు జీతంతో సెలవు. కాన్పయిన తర్వాత ఆరు వారాలపాటు ఆ స్త్రీని తెలిసి తెలిసి పనిలో పెట్టుకోరాదని యజమానికి నిషేధం కూడా ఉంది. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. మన ఇళ్ళలో జచ్చాకు ఛిల్లా నలభై రోజులు. బాలింత చన్నీళ్ళు ముట్టరాదు, బరువెత్తరాదు, గాలికి తిరగరాదు అని మన నానీమాలు పెట్టిన నియమానికీ పార్లమెంటు పెట్టిన నియమానికీ తేడా రెండు రోజులే! చట్టం మన సంప్రదాయానికి పరాయిదని చెప్పేవాళ్ళు ఇది గమనించాలి. సంప్రదాయమూ చట్టమూ ఒకే మాట చెబుతుంటే మరి మన ఆడవాళ్ళు పదోరోజుకో పన్నెండో రోజుకో చాట ఒళ్ళోకి ఎందుకు తీసుకుంటున్నారు?

1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. కంపెనీలు కోర్టుకు పోతే 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఇంట్లో చుట్టేవాళ్ళూ కార్మికులేనని ఒప్పుకున్న చట్టమది. నిజంగా గొప్ప సంగతే. ప్రసూతి చట్టం వాళ్ళకూ వర్తిస్తుందని 37వ సెక్షన్‌లో రాశారు. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాను. కింద "అయితే" అంటూ ఒక షరతు పెట్టారు. ఇంట్లో చుట్టే స్త్రీ విషయంలో 8వ సెక్షన్ ఉండదు, 10వ సెక్షన్ ఉండదు. ఎనిమిది అంటే కాన్పుకు వైద్య బోనస్. ఆ రోజుల్లో అది ఇరవై అయిదు రూపాయలు. పది అంటే గర్భం వల్లనో, కాన్పు వల్లనో, నెలలు నిండకుండా పుట్టడం వల్లనో జబ్బుపడితే ఇచ్చే ఇంకో నెల సెలవు. కార్ఖానాలో కూర్చుని చుట్టే ఆమెకు ఇవి ఉన్నాయి, ఇంట్లో కూర్చుని చుట్టే ఆమెకు లేవు. ఇంకొకటి కూడా తీసేశారు. రోజుకు ఎంత చొప్పున ఇవ్వాలన్న లెక్కలో, సగటు కూలి ఎంత తక్కువైనా కనీసం ఒక రూపాయి ఇవ్వాలన్న మాట 1961 చట్టంలో ఉండేది. ఇంట్లో చుట్టే స్త్రీకి ఆ మాట కొట్టేశారు. ఒక్క రూపాయి! ఇల్లాలి ఒళ్ళు నొప్పి కార్ఖానా ఒళ్ళు నొప్పి కంటే ఒక రూపాయి, ఇరవై అయిదు రూపాయలు, ఒక నెల తక్కువని దేశం రాతపూర్వకంగా తేల్చింది.

సగటు లెక్క ఎట్లా కడతారో కూడా చూడాలి. సెలవు మొదలయ్యే ముందు మూడు నెలల్లో పనిచేసిన రోజుల కూలి సగటు తీస్తారు. నెలజీతం ఉద్యోగికి అది ఏ నెలైనా ఒకటే. బీడీకి కూలి వెయ్యికింత. ఆరు, ఏడు, ఎనిమిది నెలల కడుపుతో బాసింపట్టు వేసి వంగి కూర్చోవడం ఎంత కష్టమో, వెయ్యి చుట్టే చేతులు ఆరు వందలకు, నాలుగు వందలకు ఎట్లా పడిపోతాయో ప్రతి ఇంట్లో తెలుసు. ఆ పడిపోయిన మూడు నెలలే ఆమె సగటు. కడుపు పెరిగినకొద్దీ ప్రసూతి సొమ్ము తరిగే ఏర్పాటు ఇది.

శిశుగృహాల మాట. కార్ఖానాలో ఆడవాళ్ళ సంఖ్య ఒక మేర దాటితే పిల్లలకు గది పెట్టాలని 1966 చట్టంలోనే ఉంది. కానీ "పారిశ్రామిక ఆవరణ" అన్న మాటకు నిర్వచనం రాస్తూ, సొంత నివాసపు ఇల్లు అందులోకి రాదన్నారు. అంటే పొగాకు దుమ్ము ఇంట్లో ఉండవచ్చు, చంటిబిడ్డ ఇంట్లో ఉండవచ్చు, ఆవరణ మాత్రం అక్కడ ఉండదు.

ఇక్కడ మనవాళ్ళు ఒక జవాబు సిద్ధంగా ఉంచుకుంటారు. ముస్లిం ఆడవాళ్ళు పర్దా వల్ల బయటికి రారు, అందుకే ఇంట్లో చుడతారు, కంపెనీ ఏం చేస్తుంది అంటారు. హిందూ మిత్రులూ ఇదే అంటారు, మన మౌల్వీలూ ఇదే అంటారు. వీళ్ళిద్దరూ ఒకే మాట మీద కలిసే అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి. సచార్ కమిటీ 2006లో చెప్పిన లెక్క ఈ వాదానికి బలమిచ్చేట్టే కనబడుతుంది. దేశంలో పనిచేసే ముస్లిం స్త్రీలలో 70 శాతం మంది తమ ఇంట్లోనే పనిచేస్తున్నారు, మొత్తం స్త్రీలను తీసుకుంటే అది 51 శాతం. సరే. కానీ నిజామాబాద్, నిర్మల్, మెట్‌పల్లి, కోరుట్ల వాడల్లో తిరిగి చూడండి. మా పక్కింటి పద్మశాలి అక్కకు ఏ పర్దా ఉంది? మున్నూరుకాపు, గౌడ, మాదిగ ఇళ్ళలో చుట్టే ఆడవాళ్ళకు ఏ బుర్ఖా ఉంది? వాళ్ళూ ఇంట్లోనే చుడుతున్నారు. ఎందుకంటే కంపెనీ పనిని ఇంటికి పంపింది కాబట్టి. 1966 చట్టం వచ్చాక దేశంలో అనేకచోట్ల జరిగిందే ఇది. కార్ఖానా ఉంటే నీళ్ళు, మరుగుదొడ్డి, పిల్లల గది, తనిఖీ అన్నీ ఉంటాయి. కార్ఖానా మూసి కాంట్రాక్టరుకు ఆకు, తంబాకు ఇస్తే ఏదీ ఉండదు. కన్నూరులో మంగళూరు కంపెనీలు 1968లో ఇట్లాగే మూసేసి పోతే, వీధిన పడ్డ కార్మికులు 1969లో దినేశ్ బీడీ సహకార సంఘం పెట్టుకున్నారు. అక్కడ కార్మికులే యజమానులయ్యారు, ఆడవాళ్ళకు ప్రసూతి సెలవూ దక్కింది. మనకు దినేశ్ లేదు, మనకు పర్దా ఉంది. కంపెనీకి అంతకంటే ఏం కావాలి? పర్దా మన మతం పెట్టింది కావచ్చు, కాకపోవచ్చు. దాని లాభం మాత్రం షేటు పద్దులో జమ అయింది. మన ముస్లింవాద సాహిత్యం పర్దాను మౌల్వీ వైపు నుంచి చూసింది, ఆరెస్సెస్ వైపు నుంచి చూసింది. గుమాస్తా వైపు నుంచి చూడలేదు.

ఇంట్లో చుట్టే మనిషిని పట్టుకోలేమని, లెక్క దొరకదని ప్రభుత్వం అంటుందా? అనలేదు. 1977 నుంచి బీడీకి ప్రావిడెంట్ ఫండ్ ఉంది. ఇంట్లో చుట్టేవాళ్ళూ దాని కిందికి వస్తారని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. తెలంగాణ వచ్చాక పి.ఎఫ్. ఉన్న బీడీ కార్మికులకు 2015లో నెలకు వెయ్యి రూపాయలు, 2019 నుంచి 2,016 రూపాయలు భృతి ఇచ్చారు. ఎవరు చుడతారో, ఎక్కడ చుడతారో తెలుసుకుని ఇంటికి డబ్బు చేర్చగలిగారు. అంటే చెయ్యదలుచుకుంటే దారి ఉంది. నడుం వంగిపోయిన తర్వాత కనబడిన మనిషి కడుపుతో ఉన్నప్పుడు కనబడకపోవడమే నాకు అర్థం కాదు. 2017లో మొదలైన కె.సి.ఆర్. కిట్‌ను ఈ విషయంలో మెచ్చుకోవాలి. సర్కారు దవాఖానాలో కాన్పయితే పన్నెండు వేలు, ఆడపిల్లయితే పదమూడు వేలు అన్నారు. దానికి లాగ్‌బుక్కు చూపించనక్కర లేదు. కానీ అది సర్కారు ఇచ్చిన సాయం. కంపెనీ ఇవ్వవలసిన బాకీ బాకీగానే ఉంది.

లాగ్‌బుక్కు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు గొడవ అక్కడుంది. ప్రసూతి సొమ్ము కావాలంటే కాన్పుకు ముందు ఏడాదిలో ఎనభై రోజులు పని చేసినట్టు ఉండాలి. మొదట నూట అరవై రోజులుండేది, 1988లో ఎనభైకి తగ్గించారు. ఎనభై రోజులు పెద్ద లెక్క కాదు, మా ఆడవాళ్ళు పండగ పూట కూడా చుడతారు. అయితే పుస్తకం ఎవరి పేర ఉంది? బీడీ కార్డు ఉన్న పిల్లకు పెళ్ళి తొందరగా అవుతుందని మా వైపు అందరికీ తెలుసు. కట్నం మాటల్లో కార్డు కూడా వస్తుంది. కార్డు లేని పిల్ల అత్తగారింటికి పోతే అత్త పేరు మీద చుడుతుంది. ఒక పుస్తకం మీద అత్త, ఇద్దరు కోడళ్ళు, బడి నుంచి వచ్చిన ఆడపిల్ల, నలుగురి చేతులు. కంపెనీకి తెలుసు, కమీషన్‌దారుకు తెలుసు, కొత్త కార్డులు ఇవ్వకపోవడం అందరికీ వీలుగా ఉంది. పుస్తకం అత్తది, చేతులు కోడలివి, కాన్పు కోడలిది. అరవై ఏళ్ళ అత్తకు ప్రసూతి సెలవు ఎవరిస్తారు?

నేను తేలిగ్గా చెబుతున్నట్టుంది గాని ఇందులో ఇంటి లోపలి హింస కూడా ఉంది. ఆ పుస్తకం మీద వచ్చే కూలి అత్త చేతికే వస్తుంది. బాలింతకు నెయ్యి పెట్టాలా వద్దా, బిడ్డకు పాలడబ్బా కొనాలా వద్దా అన్నది ఆ చేతిలో ఉంటుంది. కొడుకు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళ ఇళ్ళలో తండ్రి బిడ్డ మొఖాన్ని ఫోనులోనే చూస్తాడు. సర్కారు నౌకరీ ఉన్న తండ్రికి పదిహేను రోజుల పితృత్వ సెలవుంది. మిగతా తండ్రులకు చట్టం ఊసే లేదు. గల్ఫ్ తండ్రికి రెండేళ్ళకోసారి దొరికే సెలవే అన్నిటికీ సెలవు. ఆ ఇంట్లో బాలింతకు ఆసరా అత్త ఒక్కతే, అజమాయిషీ కూడా ఆమెదే. అత్తను తిట్టడం సులభం. ఆమె తన ఛిల్లాలో కూడా ఇట్లాగే చుట్టింది.

మన జమాతుల మాట కూడా అనుకుందాం. తల్లి పాదాల కింద జన్నత్ ఉందని జుమ్మా బయాన్‌లో వింటాం. రెండేళ్ళు పాలు తాగించవచ్చని, ఆ రోజుల్లో తల్లి తిండీ బట్టా తండ్రి బాధ్యతేనని ఖురాన్ చెబుతుందని కూడా వింటాం. ఆ బయాన్ విన్న తర్వాత కమీషన్‌దారు, అతనూ మనవాడే కావచ్చు, సాయంత్రం బీడీలు ఏరి వంకలు పెట్టి వందల కొద్దీ పక్కన పారేస్తాడు. పారేసినవాటికి కూలి లేదు. ఆ వంకల్లో బాలింత వణికే చేతులతో చుట్టినవి ఎన్నో ఉంటాయి. ఇమాం సాబ్ దాని గురించి ఎప్పుడైనా మాట్లాడారా? 2019లో తలాక్ చట్టం వచ్చినప్పుడు మనం వీధుల్లోకి వచ్చాం. ముస్లిం స్త్రీని ఆమె భర్త నుంచి కాపాడతామని పార్లమెంటు తొందరపడింది. మా స్త్రీని మేం చూసుకుంటామని మనం తొందరపడ్డాం. ఆ రభసలో షేటు నుంచి ఆమెను కాపాడవలసిన అవసరం ఎవరికీ తట్టలేదు. సెక్యులర్ మిత్రులు కూడా ఆ రోజుల్లో రాసిన వ్యాసాల్లో ముస్లిం స్త్రీని భార్యగానే చూశారు. ఆమె కార్మికురాలు అన్న మాట ఎంతమంది రాశారు?

మూడో బిడ్డ గురించి రాయకుండా ఉండలేను. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవును ఇరవై ఆరు వారాలకు పెంచారు. ఎంతో మంచి పని. కానీ అప్పటికే ఇద్దరు పిల్లలుంటే పన్నెండు వారాలే. కె.సి.ఆర్. కిట్ రెండు కాన్పులకే. బీడీ వెల్ఫేర్ ఫండ్ నుంచి ఇచ్చిన కొద్దిపాటి కాన్పు సాయమూ మొదటి రెండింటికే. మూడో బిడ్డ పుట్టుకలో తప్పేమిటో, ఆ తల్లి ఒళ్ళు తొందరగా ఎందుకు మానుతుందో ఏ చట్టమూ చెప్పదు. నిబంధన అందరికీ ఒకటే. ఆ నిబంధన మాట వచ్చినప్పుడు జనం మన వైపు తిరిగి చూసే చూపు మాత్రం ఒకటి కాదు. బాసర నుంచి భైంసా పోయే బస్సులో ఒళ్ళో ఒకణ్ణి, కొంగు పట్టుకుని ఇద్దరిని పెట్టుకుని నా చెల్లెలు ఎక్కితే "వీళ్ళకు పిల్లలెక్కువ" అన్న మాట ఎవరూ గొంతు తగ్గించి అనరు. పక్కనే నలుగురు పిల్లల లంబాడా తల్లి కూడా కూర్చుని ఉంటుంది, ఆమెను ఇంకో మాట అంటారు. 2025 మేలో ఉమాదేవి అనే తమిళనాడు టీచరు కేసులో సుప్రీంకోర్టు, ప్రసూతి సెలవు స్త్రీ పునరుత్పత్తి హక్కులో భాగమని చెప్పింది. ఆమెకు మొదటి పెళ్ళిలో ఇద్దరు పిల్లలున్నారని మూడో కాన్పుకు సెలవు ఇవ్వనన్నారు. కోర్టు ఇవ్వమంది. మనవాళ్ళెవరూ ఈ తీర్పు గురించి రాసినట్టు నా కంట పడలేదు. జనాభా జిహాద్ అన్న నిందకు జవాబుగా లెక్కలు చూపించడంలోనే మన బుద్ధి అంతా ఖర్చవుతోంది. మూడో బిడ్డను కన్న తల్లికి ఒళ్ళు మానేదాకా విశ్రాంతి కావాలని ధైర్యంగా అనలేకపోతున్నాం. అంటే నింద నిజమే అంటారేమోనని భయం.

2017 సవరణలోనే ఇంకో వాక్యం ఉంది. సెలవు అయిపోయాక, పని అటువంటిదైతే, యజమాని ఒప్పుకుంటే, తల్లి ఇంటి నుంచి పని చేయవచ్చు. హైదరాబాద్ హైటెక్ సిటీ అమ్మాయికి అది వెసులుబాటు. కరోనా తర్వాత ఆ మాట అందరి నోటా పలికింది. ఇంటి నుంచి పని చేస్తే బిడ్డ ఏడుపు మీటింగులో వినిపిస్తుందని, పనికీ ఇంటికీ మధ్య గీత చెరిగిపోయిందని, నడుం నొప్పి వస్తుందని పత్రికల్లో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. అన్నీ నిజమే. మా అమ్మీకి ఎవరైనా చదివి వినిపించి ఉంటే, ఇది మన కతనే కదా అని ఉండేది. బాసర ట్రిపుల్ ఐటీ 2008లో మొదలయినప్పటి నుంచి మా వైపు బీడీ చుట్టే తల్లుల పిల్లలూ అక్కడ చదువుతున్నారు. ఆ అమ్మాయిలు రేపు కంపెనీల్లో చేరి తల్లులైతే ఇరవై ఆరు వారాలు తీసుకుంటారు. తీసుకోవాలి. తల్లి నాగా పెట్టి పెంచిన బిడ్డ సెలవు పెట్టగలగడం చిన్న విషయం కాదు. ఆ సెలవులో బిడ్డను చూసుకోవడానికి వచ్చిన అమ్మమ్మ మూలన కూర్చుని బీడీలు చుడుతూ ఉండటం కూడా చిన్న విషయం కాదు.

ఇప్పుడు పాత చట్టాలు పోయాయి. 1961 చట్టం, 1966 చట్టం రెండూ కొత్త కార్మిక కోడ్లలో కలిసిపోయాయి. 2020లో పాసైన ఆ కోడ్లు 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి. బీడీ మీద వేసిన సంక్షేమ సెస్సు అంతకుముందే, జి.ఎస్.టి. వచ్చిన 2017లోనే పోయింది. సామాజిక భద్రతా కోడ్ ఇంటి నుంచి పనిచేసే స్త్రీకి నిర్వచనం రాసింది, కానీ ఆమెను అసంఘటిత కార్మికుల వరసలో కూర్చోబెట్టింది. ఆ వరసలోని వాళ్ళకు ప్రసూతి గురించి ప్రభుత్వం పథకాలు తయారుచేస్తుందని రాశారు. పథకం అనే మాట దగ్గర ఆగి ఆలోచించాలి. హక్కుకు కోర్టు ఉంటుంది, పథకానికి దరఖాస్తు ఉంటుంది. ఇరవై అయిదు రూపాయలు కొట్టేసినా, రూపాయి కొట్టేసినా, 1966 చట్టం ఆమె యజమాని ఎవరో చెప్పింది. ఇకమీదట ఆమె కాన్పుకు జవాబుదారీ కంపెనీయా, సర్కారా, అత్తా అన్నది కొత్తగా తేల్చుకోవాలి. యూనియన్లు ఆ పని చేస్తాయేమో. మైనారిటీ రచయితలం మనం ఆ చర్చలో ఉంటామా?

ఉంటే కర్ఫ్యూ లేనినాడు కూడా ఉండాలి. 2008 అక్టోబర్‌లో భైంసా తగలబడ్డప్పుడు, 2020లో, 2021లో మళ్ళీ మంటలు లేచినప్పుడు మన కలాలు కదిలాయి. కదలాల్సిందే. కానీ కర్ఫ్యూ పెట్టిన రోజుల్లో ఆ ఊళ్ళో ఆకు రాలేదు, తంబాకు రాలేదు, చుట్టినవి తీసుకునేవాడు రాలేదు. ముస్లిం గల్లీలోనూ హిందూ గల్లీలోనూ బాలింతలకు అవి నాగాలే. ఆ నాగాల గురించి ఏ నిజనిర్ధారణ నివేదిక రాసింది?

పోయిన ఏడాది మా ఆపా అత్తగారింటికి పోయినప్పుడు పాత పుస్తకాలు ఒక రేకుపెట్టెలో కనిపించాయి. పి.ఎఫ్. పనికి కావాలని అత్త దాచిపెట్టింది. ఆపాకు పెద్దకొడుకు పుట్టిన నెల నాకు గుర్తుంది, రంజాన్ నెల. ఆ నెల పేజీ వెతికి తీశాను. నలభై రోజులు ఆపా చాట ముట్టలేదని మా అమ్మీ అందరికీ చెప్పుకుంటుంది. పేజీలో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. రోజుకు ఏడు వందలు, ఎనిమిది వందలు, ఈద్ ముందురోజు వెయ్యి. ఎవరు చుట్టారని అడిగాను. అత్త ఆపా వైపు చూసింది. ఆపా చాయ్ తెస్తానని లోపలికి పోయింది.